కేబుల్ పని నుంచి ఎన్‌ఓసీ సీటు దాకా: పర్లాకిమిడి సీసీఎన్‌ఏ డైరీ

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు ఉండి, ఉన్న పని మానుకుని హైదరాబాద్ వెళ్లి సీసీఎన్‌ఏ (నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో ఇచ్చే సర్టిఫికెట్) కోర్సు చేసే వీలు లేనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పనికొచ్చినవి తీసుకోండి. నాకు చెడిపోయినవి మీకు చెడిపోకుండా చూసుకోండి. ఖర్చు మొత్తం ప్రతి దశ చివరా ఉంటుంది.

దశ 0: ఉన్నది, కావలసింది

ఇక్కడే ఒక లోకల్ ఇంటర్నెట్ ఆపరేటర్ దగ్గర ఫైబర్ పని చేస్తున్నాను. స్ప్లైసింగ్ (ఫైబర్ ముక్కలు అతకడం), కస్టమర్ ఇంట్లో ఓఎన్‌యూ (ఫైబర్ వచ్చి చేరే పెట్టె) బిగించడం, వానాకాలంలో తెగిన కేబుల్ ఎక్కడ తెగిందో వెతకడం. జీతం 13 వేలు. చదువు బీఎస్సీ. కావలసింది ఎన్‌ఓసీలో, అంటే నెట్‌వర్క్‌ను కనిపెట్టి చూసే కేంద్రంలో, ఎల్1 (మొదటి మెట్టు) సీటు. స్క్రీన్ మీద అలారం వస్తే టికెట్ తెరవాలి, చేతనైనది సరిచేయాలి, కానిది పైవాళ్లకు పంపాలి.

ఏ సర్టిఫికెట్ అన్నదాని మీద ఎక్కువ ఆలోచించలేదు. అమెజాన్ క్లౌడ్ సర్టిఫికెట్ ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ ఫీజు 100 డాలర్లు, సీసీఎన్‌ఏ ఫీజు 300 డాలర్లు. చవకైనది ముందు రాద్దామనే అనుకున్నాను. కానీ విశాఖ, భువనేశ్వర్, హైదరాబాద్ ఎన్‌ఓసీ ప్రకటనలు పక్కన పెట్టుకుని చదివితే, దాదాపు అన్నిట్లో ఉన్న పదం సీసీఎన్‌ఏ. క్లౌడ్ సర్టిఫికెట్ అడిగిన చోట్ల దానితోపాటు అనుభవం కూడా అడిగారు. కాబట్టి సీసీఎన్‌ఏ, పరీక్ష కోడ్ 200-301.

అమీర్‌పేట కోచింగ్ లెక్క కూడా వేశాను. కోర్సు ఫీజు, హాస్టల్, భోజనం, వాటికి తోడు ఆ నెలల్లో రాని జీతం. చివరిది కలపకుండా చూస్తే మోయగలిగినట్టే ఉంటుంది. కలిపితే లక్ష దగ్గరికి పోతుంది. ఇంట్లోనే ల్యాబు పెట్టాలన్న నిర్ణయం అక్కడే అయిపోయింది.

దశ 1: పాత ల్యాప్‌టాప్

నాలుగో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. విండోస్ లేచేసరికి మూడు నిమిషాలు పైనే. ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టి సాధన చేసే సిస్కో సాఫ్ట్‌వేర్), బ్రౌజర్ కలిపి తెరిస్తే మౌస్ కదలదు.

మార్చినవి:

1. హార్డ్ డిస్క్ తీసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేశాను. 1,700.
2. ఇంకో 4 జీబీ ర్యామ్. 1,000. కొనేముందు పాత ర్యామ్ ఊడదీసి దాని మీద ఏం రాసుందో చూడండి. నాది తక్కువ వోల్టేజీ రకం డీడీఆర్3. మామూలు డీడీఆర్3 వేస్తే కొన్ని మెషీన్లు అసలు లేవవు.
3. విండోస్ తీసేసి ఉబుంటు (ఉచితంగా దొరికే లైనక్స్) వేశాను. ప్యాకెట్ ట్రేసర్‌కు ఉబుంటు వెర్షన్ ఉంది, సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే ఉచితం.

ఇప్పుడు అరనిమిషం లోపే లేస్తోంది. బ్యాటరీ చచ్చింది, మార్చలేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, దాని మీదే నడుస్తుంది.

ఇప్పటిదాకా ఖర్చు: 2,700.

దశ 2: సెకండ్ హ్యాండ్ స్విచ్‌లు

ప్యాకెట్ ట్రేసర్ ఒక్కటే చాలదా అని చాలామంది అడుగుతారు. పరీక్షకు చాలు. కానీ అందులో కమాండ్లన్నీ ఉండవు. పైగా అందులో ఏదీ దానంతటది చెడిపోదు. నేను అడగబోయే ఉద్యోగమేమో చెడిపోయినవాటితోనే.

హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర రెండు సిస్కో 2960 స్విచ్‌లు (కంప్యూటర్లను ఒక నెట్‌వర్క్‌గా కలిపే పెట్టెలు) తీసుకున్నాను. ఒక్కోటి 2,300. మా అడ్రస్‌కు కొరియర్ చార్జీ ఎక్కువ చెప్పారు. ఆర్టీసీ కార్గోలో టెక్కలికి వేయించి, పాతపట్నం మీదుగా బండి మీద తెచ్చుకున్నాను. 450 అయింది. సరిహద్దు పక్కన ఉండటం వల్ల నాకు కలిసొచ్చిన మొదటి పని ఇదే.

స్విచ్‌కు ల్యాప్‌టాప్ నుంచి నేరుగా కమాండ్లు ఇవ్వడానికి కన్సోల్ కేబుల్ 250 పెట్టి ఆన్‌లైన్‌లో కొన్నాను. స్నేహితుడి విండోస్ ల్యాప్‌టాప్‌లో పెడితే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 10. కారణం కేబుల్ లోపల ఉన్న నకిలీ ప్రొలిఫిక్ చిప్. ప్రొలిఫిక్ కంపెనీ కొత్త డ్రైవర్లు నకిలీ చిప్‌లను పట్టుకుని పని చేయకుండా ఆపేస్తాయి. నా ఉబుంటులో అదే కేబుల్ మారుమాట లేకుండా పనిచేసింది. యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చడం మర్చిపోకండి, లేకపోతే పోర్టు తెరవనివ్వదు. స్పీడు 9600, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1. విండోసే వాడేవాళ్లు కాస్త ఎక్కువ పెట్టి ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కేబుల్ కొనండి.

స్విచ్‌లు ఏదో ఆఫీసులో వాడినవి, పాస్‌వర్డ్‌తో వచ్చాయి. తీసే పద్ధతి:

1. పవర్ వైరు లాగేయాలి. ముందు వైపు ఉన్న మోడ్ బటన్ నొక్కి పట్టుకునే పవర్ పెట్టాలి.
2. సిస్టమ్ లైటు మెరిసే తీరు మారాక బటన్ వదలాలి. స్క్రీన్ మీద బూట్ లోడర్ ప్రాంప్ట్ వస్తుంది.
3. ఫ్లాష్ ఇనిట్ కమాండ్ ఇవ్వాలి. రెండు మాటల మధ్య అండర్‌స్కోర్.
4. ఫ్లాష్‌లో ఉన్న కాన్ఫిగ్ డాట్ టెక్స్ట్ ఫైలు పేరు మార్చాలి. చెరపొద్దు, తర్వాత చూసుకోవచ్చు.
5. బూట్. సెటప్ డైలాగ్ అడిగితే వద్దని చెప్పాలి.

నేను చూసిన చిట్టా ఇక్కడితో ఆగింది. అసలు తంటా ఆ తర్వాతే మొదలైంది.

మొదటి స్విచ్‌లో వీల్యాన్ 10, వీల్యాన్ 20 చేశాను (వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌లో విడిగా ఉండే నెట్‌వర్క్). పోర్టులు పంచాను, రెండు ల్యాప్‌టాప్‌లు పింగ్ అయ్యాయి, అంటే ఒకదాని పలకరింపుకు ఇంకోటి బదులిచ్చింది. రెండో స్విచ్‌ను ట్రంకుతో (అన్ని వీల్యాన్లూ ఒకే కేబుల్‌లో పోయే లింకు) కలిపాను. అర నిమిషంలో పింగ్‌లు పోయాయి. కేబుల్ మార్చాను, నేనే క్రింప్ చేసింది కాబట్టి ముందు అనుమానం దాని మీదే. పోర్టు మార్చాను. ఉహూ. చివరికి వీల్యాన్ల జాబితా తెరిస్తే నా 10, 20 లేవు. వాటి స్థానంలో అకౌంట్స్, సీసీటీవీ, గెస్ట్ అని ఎవరివో పేర్లు. రెండో స్విచ్‌లోని పాత ఆఫీసు నా బల్ల మీదికి కాపురానికి వచ్చింది.

జరిగింది ఇది. కాన్ఫిగ్ ఫైలు తీసేసినా, వీల్యాన్ల సమాచారం ఫ్లాష్‌లో వీల్యాన్ డాట్ డ్యాట్ (vlan.dat) అనే వేరే ఫైల్లో అలాగే ఉంటుంది. వీటీపీ (వీల్యాన్ల జాబితాను స్విచ్‌ల మధ్య పంచే పద్ధతి) డొమైన్ పేరు, రివిజన్ నంబరు కూడా అందులోనే. నా మొదటి స్విచ్‌కు డొమైన్ పేరే లేదు. పేరు లేని స్విచ్ ట్రంకు మీద మొదట వినిపించిన డొమైన్‌లో చేరిపోతుంది. అక్కడి రివిజన్ నంబరు పెద్దదైతే తన జాబితా చెరిపేసుకుని ఆ జాబితా తీసుకుంటుంది. అందుకే పై చిట్టాకు మూడు మెట్లు కలిపాను:

6. ఫ్లాష్‌లోని వీల్యాన్ డాట్ డ్యాట్ ఫైలు చెరపాలి.
7. స్విచ్‌ను రీలోడ్ చేయాలి.
8. మరో స్విచ్‌కు కలపకముందే వీటీపీ మోడ్ ట్రాన్స్‌పరెంట్ చేయాలి.

నడుస్తున్న ఆఫీసులో ఎవరైనా పాత స్విచ్ తెచ్చి ఇలా గుచ్చితే మొత్తం ఫ్లోర్ పడిపోతుంది. పుస్తకంలో ఈ సంగతి రెండు వాక్యాల్లో ఉంటుంది, చదివి దాటేస్తాం.

ఇప్పటిదాకా ఖర్చు: 2,700 + 4,600 + 450 + 250 = 8,000.

దశ 3: రూటర్ కొనకుండా రూటర్

ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి ప్యాకెట్లు పంపేది రూటర్. పాత సిస్కో రూటర్లు కూడా దొరుకుతాయి. కానీ శబ్దం ఎక్కువ, కరెంటు ఎక్కువ, ధర కూడా ఎక్కువ. నాన్న మంచం ల్యాబు బల్ల పక్కనే. కాబట్టి ఉబుంటు ల్యాప్‌టాప్‌నే రూటర్ చేశాను. ఎఫ్‌ఆర్‌ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే ఓఎస్‌పీఎఫ్, బీజీపీ (రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతులు) నడుస్తాయి. దాని కమాండ్ షెల్ సిస్కో తీరుకు చాలా దగ్గర.

ల్యాప్‌టాప్‌కు ఒకటే ల్యాన్ పోర్టు. దాని మీద వీల్యాన్ 10కి ఒకటి, వీల్యాన్ 20కి ఒకటి సబ్ ఇంటర్‌ఫేస్‌లు చేసి స్విచ్ ట్రంకుకు కలిపాను. రెండో లింకు కోసం యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్, 600.

రెండు చోట్ల ఆగిపోయింది.

మొదటిది: రెండు వీల్యాన్ల నుంచీ గేట్‌వే పింగ్ అవుతోంది, ఒక వీల్యాన్ నుంచి ఇంకోదానికి మాత్రం పోవట్లేదు. స్విచ్‌లో తప్పేమీ లేదు. లైనక్స్ మామూలుగా ఒక కార్డు మీద వచ్చిన ప్యాకెట్‌ను ఇంకో కార్డుకు పంపదు. ఐపీ ఫార్వర్డ్ విలువ 0గా ఉంటుంది, దాన్ని 1 చేయాలి. సిస్‌సీటీఎల్ ఫైల్లో రాయకపోతే రీబూట్‌కు మళ్లీ 0 అవుతుంది.

రెండోది: ఓఎస్‌పీఎఫ్ కమాండ్లు ఇస్తుంటే అలాంటి డెమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాం) నడవట్లేదని సమాధానం. ఎఫ్‌ఆర్‌ఆర్ డెమన్స్ ఫైల్లో ఓఎస్‌పీఎఫ్‌డీ ఎదురుగా నో అని ఉంటుంది. ఎస్ చేసి సర్వీసు రీస్టార్ట్ చేస్తే సరి.

ఎక్కువ రూటర్లు కావలసినప్పుడు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు వాడాను. ఒకే లైనక్స్‌లో నాలుగైదు చిన్న రూటర్లు, 8 జీబీలో ఇబ్బంది లేకుండా నడిచాయి. నాట్, యాక్సెస్ లిస్టులు, వైర్‌లెస్ కంట్రోలర్ మాత్రం ప్యాకెట్ ట్రేసర్‌లోనే చేశాను. వాటికి సిస్కో కమాండ్లే చేతికి రావాలి.

ఇప్పటిదాకా ఖర్చు: 8,600.

దశ 4: చీటీల డబ్బా

సిలబస్ వాటాలు ఇవి. నెట్‌వర్క్ ఫండమెంటల్స్ 20 శాతం, నెట్‌వర్క్ యాక్సెస్ 20, ఐపీ కనెక్టివిటీ 25, ఐపీ సర్వీసెస్ 10, సెక్యూరిటీ 15, ఆటోమేషన్ 10. పనిలోంచి వచ్చాక రాత్రి దొరికేది గంటన్నర. మొదట్లో అందులో గంట వీడియోలకే పోయేది. చూసినంతసేపు అంతా వచ్చినట్టే ఉంటుంది, కీబోర్డు ముందు కూర్చుంటే చెయ్యి ఆడదు. పద్ధతి మార్చాను. వీడియోలు మధ్యాహ్నం భోజనం దగ్గర ఫోన్‌లో. రాత్రి మొత్తం ల్యాబే.

సబ్‌నెట్టింగ్‌కు (అడ్రస్‌లను చిన్న నెట్‌వర్క్‌లుగా విడగొట్టే లెక్క) రోజూ పది లెక్కలు, ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి. ఉదాహరణకు 192.168.10.77/26 ఏ నెట్‌వర్క్‌లోది? బ్లాకు 64, కాబట్టి నెట్‌వర్క్ 64, బ్రాడ్‌కాస్ట్ 127, మధ్యలో వాడుకోగలిగిన అడ్రస్‌లు 62. మొదట ఒక్కో లెక్కకు రెండు నిమిషాలు పైన పట్టేది. నోటితో చెప్పేసే స్థాయికి, అంటే 20 సెకన్ల లోపు, వచ్చాకే ఆపాను.

తర్వాత ల్యాబులో విసుగు మొదలైంది. నేనే కట్టి నేనే విప్పితే తప్పెక్కడుందో నాకు ముందే తెలుసు. అందుకని ఒక ప్లాస్టిక్ డబ్బాలో చీటీలు వేశాను. మా ఆఫీసులో జూనియర్ కుర్రాడు రాత్రి మా ఇంటికొచ్చి, "అన్నా, నువ్వు బయటికి పో" అని పంపేసి, ఒక చీటీ తీసి అందులో ఉన్నట్టు చెడగొడతాడు. నేను లోపలికొచ్చి కనిపెట్టాలి. టైము వాడే చూస్తాడు. కొన్ని చీటీలు:

1. ట్రంకులో అనుమతించిన వీల్యాన్ల నుంచి 20 తీసెయ్.
2. ఒకవైపు నేటివ్ వీల్యాన్ (ట్రంకులో నంబరు గుర్తు లేకుండా పోయేది) 99 చెయ్.
3. ఒకవైపు పోర్టు 100 ఫుల్ డూప్లెక్స్‌కు (ఒకేసారి పంపడం, అందుకోవడం) బిగించు, రెండోవైపు ఆటో ఉంచు.
4. పోర్టు సెక్యూరిటీ పెట్టి వేరే ల్యాప్‌టాప్ గుచ్చు.
5. ఓఎస్‌పీఎఫ్ హలో టైమర్ (పొరుగు రూటర్‌ను ఎన్ని సెకన్లకోసారి పలకరించాలో) ఒకవైపు 5 చెయ్.
6. ఒకవైపు ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1400 చెయ్.
7. కేబుల్ సగం లాగి వదిలెయ్.
8. ఏమీ చెయ్యకు. బయటికొచ్చి "అయిపోయింది" అని చెప్పు.

రెండోది తేలిక, నిమిషానికోసారి స్విచ్చే కన్సోల్ మీద అరుస్తుంది. మూడోది గట్టిది. పింగ్ శుభ్రంగా వస్తుంది, పెద్ద ఫైలు కాపీ చేస్తే కదలదు. బిగించిన వైపు నుంచి చర్చలు ఆగిపోవడంతో ఆటో వైపు హాఫ్ డూప్లెక్స్‌కు దిగుతుంది. పోర్టు కౌంటర్లలో లేట్ కొలిజన్లు చూస్తే దొరుకుతుంది. అయిదు, ఆరు పక్కపక్కన పెట్టి చేయండి. హలో టైమర్ తేడా ఉంటే పొరుగు రూటర్ జాబితాలోకే రాదు. ఎంటీయూ తేడా ఉంటే వస్తుంది, ఎక్స్‌స్టార్ట్ (రూటర్ల పరిచయంలో ఒక నడిమి దశ) దగ్గర ఆగిపోతుంది. ఈ ఒక్క తేడా చూసి సగం వెతుకులాట తగ్గించుకోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువసేపు తీసుకున్నది ఎనిమిదోది. లేని తప్పు వెతుకుతూ ఉన్నవన్నీ నేనే మార్చేశాను. చివరికి నిజంగానే పాడైంది. ఆ రాత్రి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఏది ముట్టుకునే ముందైనా ఫిర్యాదు నిజమేనా అని నా కళ్లతో చూడాలి, ఉన్న కాన్ఫిగ్ సేవ్ చేసి పెట్టుకోవాలి.

ప్రతి చీటీకీ నోట్‌బుక్‌లో నాలుగు గీతలు రాశాను. కనిపించిన లక్షణం, చూసిన కమాండ్, అసలు కారణం, పట్టిన టైము. ఈ నోట్‌బుక్ సంగతి మళ్లీ వస్తుంది. మొదట్లో ఒక్కో చీటీకి ముప్పావు గంట, చివర్లో పది నిమిషాల లోపు.

ప్రాక్టీస్ టెస్టులకు 1,200 పెట్టాను. అసలు పరీక్ష ప్రశ్నలే ఇస్తామని అమ్మే డంప్‌ల జోలికి పోలేదు. సిస్కో పట్టుకుంటే సర్టిఫికెట్ రద్దవుతుంది. పట్టుకోకపోయినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ఇప్పటిదాకా ఖర్చు: 9,800.

దశ 5: పేరు, పరీక్ష

బుక్ చేసేముందు పేరు దగ్గర వారం పోయింది. ఇది ఈ వైపు తెలుగువాళ్లందరికీ ఉన్న చిక్కు. ఒడిశా బోర్డు మెట్రిక్ సర్టిఫికెట్‌లో నా పేరు ముందు, ఇంటిపేరు పూర్తిగా చివర. ఆధార్‌లో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం, అదీ ముందు. పాన్ కార్డులో పొడి అక్షరాలు ఒప్పుకోరు కాబట్టి అక్కడ పూర్తి పేరు. పరీక్ష ఖాతాలో పేరు, చూపించే గుర్తింపు కార్డు మీద పేరు ఒకటే ఉండాలి. లేకపోతే లోపలికి రానివ్వరు, ఫీజు కూడా పోతుంది. ముందు ఆధార్ సరిచేయించి, మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరే అన్ని చోట్లా వచ్చేలా చేసి, ఆ తర్వాత పరీక్ష నడిపే పియర్సన్ వ్యూ సంస్థలో ఖాతా తెరిచాను. ఉద్యోగం వచ్చాక పీఎఫ్ దగ్గర కూడా ఇదే పేచీ వస్తుంది, ఒకేసారి తెంచేసుకోండి.

పరీక్ష ఇంట్లో కూడా రాయొచ్చు. గదిలో ఒక్కరే ఉండాలి, బల్ల ఖాళీగా ఉండాలి, వెబ్‌క్యామ్ ఆన్‌లో ఉండాలి, మధ్యలో ఎవరూ లోపలికి రాకూడదు. మా ఇంట్లో గదికి తలుపు ఉంది గానీ అది తోసుకుని రానివాళ్లు లేరు. కరెంటు సంగతి సరేసరి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను చూసినవాళ్లం, అంత ఫీజు కట్టి కరెంటు మీద పందెం వేయలేం. విశాఖ సెంటర్ తీసుకున్నాను. ముందురోజే గుణుపురం ప్యాసింజర్‌లో వెళ్లి పడుకున్నాను.

ఫీజు 300 డాలర్లు, పన్నుతో కలిపి 30 వేల దగ్గర. ప్రయాణం, లాడ్జి, తిండి 1,600.

120 నిమిషాలు. ఒక ప్రశ్న దాటితే వెనక్కి వెళ్లడం కుదరదు. ల్యాబు ప్రశ్నలు మొదట్లోనే వచ్చాయి, వాటికి టైము ఎక్కువ పోతుంది, కంగారు పడకండి. పాసయ్యాను. విభాగాల వారీ శాతాల్లో నాకు తక్కువ వచ్చింది ఆటోమేషన్. జేసన్, రెస్ట్ ఏపీఐ (ప్రోగ్రాములు సమాచారం ఇచ్చిపుచ్చుకునే తీరులు) మీద కేవలం చదివి వెళ్లాను, చేతితో చేయలేదు. అది రిపోర్టులో కనిపించింది. సర్టిఫికెట్ మూడేళ్లు పనిచేస్తుంది.

ఇప్పటిదాకా ఖర్చు: 41,400.

దశ 6: ఉద్యోగం వెతుకులాట

ఈ దశే అన్నిటికన్నా పొడుగైంది. నౌకరీ, లింక్డ్‌ఇన్ రెండిట్లో పెట్టాను. మొదటి రెజ్యూమె పైన ఆశయం పేరుతో నాలుగు గొప్ప వాక్యాలు, కింద సర్టిఫికెట్ పేరు, ఇంకా కింద కేబుల్ పని ఒక్క గీతలో. వచ్చిన ఫోన్లు ఎక్కువగా ఈ మూడు రకాలు:

1. రిజిస్ట్రేషన్ ఫీజు కడితే ఆఫర్ లెటర్ ఇస్తామనేవాళ్లు. ఫోన్ పెట్టేయడమే. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు.
2. ట్రైనింగ్ ఇచ్చి తీసుకుంటాం, బాండు రాసి ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టాలనేవాళ్లు. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి. చూపించి వెనక్కి తెచ్చుకోండి.
3. రెండేళ్ల అనుభవం పెట్టిస్తాం, లెటర్, పేస్లిప్పులు మేమే ఇస్తామనేవాళ్లు. అమీర్‌పేట చుట్టుపక్కల ఇది మామూలు మాటలా చెబుతారు. నెలనెలా పడిన పీఎఫ్ రికార్డు యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ గుర్తింపు) నంబరు కింద ఉంటుంది, వెరిఫికేషన్ కంపెనీలు మొదట అడిగేది అదే. లేని కంపెనీ పేరు అక్కడ ఉండదు. చేరాక ఆరు నెలలకు తీసేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు.

నిజమైన ఫోన్లు కూడా వచ్చాయి. అడ్రస్ దగ్గర ఆగేవి. "ఒడిశానా? వారంలో చేరగలరా?" అని అడిగి, ఆలోచించుకుని చెబుతామని పెట్టేసేవారు. మ్యాపులో విశాఖకు మనమెంత దూరమో వాళ్లకు తెలియదు. రెజ్యూమె పైనే "విశాఖలో మూడు రోజుల్లో చేరగలను, షిఫ్టులకు సిద్ధం" అని రాశాక ఆ ప్రశ్న తగ్గింది.

హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలు నాలుగైదు ఒకే వారంలో పెట్టించుకుని వెళ్లాను. 5,200 అయింది, ఒక్కటీ తగల్లేదు. అందులో ఒకటి రాయాలి. "ఒక బ్రాంచి లింకు పడింది. మొదటి అయిదు నిమిషాల్లో ఏం చేస్తావు?" అని అడిగారు. నేను పుస్తకంలోలా ఫిజికల్ లేయర్ (కేబుల్ స్థాయి) నుంచి పైకి వరసగా చెప్పుకుంటూ పోయాను. ఎదుటాయన వినలేదు, ఫోన్ చూసుకున్నాడు. తిరుగు రైల్లో తట్టింది. ఇదే ప్రశ్న నాకు రోజూ కస్టమర్ వేస్తాడు, "భాయి, నెట్ పోయింది" అని. అప్పుడు నేను లేయర్లు చెప్పను. మీ వీధిలో అందరిదీ పోయిందా, మీ ఒక్కరిదేనా అని అడుగుతాను. కరెంటు ఉందా అని అడుగుతాను. ఎర్ర లైటు వెలుగుతోందా అని అడుగుతాను. ఎన్‌ఓసీకి కావలసింది అచ్చంగా అదే:

1. ఒక్క సైటా, చాలానా?
2. సైట్లో కరెంటు, యూపీఎస్ ఉన్నాయా?
3. ఈ మధ్య ఎవరైనా ఏదైనా మార్చారా?
4. లైన్ ఇచ్చినవాళ్లకు టికెట్ పెట్టామా, నంబరెంత?
5. కస్టమర్‌కు మళ్లీ ఎప్పుడు సమాచారం ఇస్తాం?

వెనక్కొచ్చి రెజ్యూమె తిరగేశాను. ఆశయం తీసేశాను. సర్టిఫికెట్ ఒక్క గీతకు దించాను. కేబుల్ పని పైకి తెచ్చి వివరంగా రాశాను: ఓఎన్‌యూ దగ్గర వెలుతురు మైనస్ 27 డీబీఎం (వెలుతురు బలం కొలత) దాటి బలహీనపడితే ఏం చూస్తానో, ఒక ఫైబర్‌ను ఎనిమిదిగా చీల్చే స్ప్లిట్టర్ దగ్గర సుమారు 10.5 డీబీ ఎలా పోతుందో, స్ప్లైస్ నష్టం ఎంతలో ఉంచుతానో. కింద ఫాల్ట్ నోట్‌బుక్ నుంచి ఆరు ఎంట్రీలు: లక్షణం, కారణం, పట్టిన టైము. వీటీపీ కథ మొదటిది.

ఫోన్లు పెరగలేదు. కానీ వచ్చిన ఫోన్లలో మాటలు పొడుగయ్యాయి. ప్రతి ఒక్కరూ వీటీపీ దగ్గరే ఆగి అడిగారు. సర్టిఫికెట్ గురించి నంబరు సరిచూసుకోవడం తప్ప ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. 30 వేలు పెట్టిన కాగితం జల్లెడ దాటించింది, 20 రూపాయల నోట్‌బుక్ మాట్లాడించింది. అలాగని కాగితం వద్దనను. జల్లెడ దాటకపోతే మాట్లాడేవాడే ఉండడు.

చివరికి కుదిరింది విశాఖలో ఒక చిన్న సర్వీస్ కంపెనీలో. వాళ్ల కస్టమర్ బ్రాంచీలు శ్రీకాకుళం, విజయనగరంతోపాటు గంజాం, రాయగడ, కోరాపుట్‌లోనూ ఉన్నాయి. ఇంటర్వ్యూ సగంలో స్పీకర్ ఆన్ చేసి రాయగడలో ఉన్న ఫీల్డ్ టెక్నీషియన్‌ను లైన్లోకి తెచ్చారు. అతనికి ఒడియా తప్ప రాదు. ర్యాక్ దగ్గర ఏ లైట్లు ఏ రంగులో ఉన్నాయో అడిగాను, కన్వర్టర్‌లో ఫైబర్ తీసి తుడిచి మళ్లీ పెట్టించాను. అటు నుంచి "ఆజ్ఞా, ఆసిగలా" అన్నాడు, వచ్చేసింది అని. ప్యానెల్‌లో పెద్దాయన నోట్‌బుక్ అడిగి తీసుకుని ఎనిమిదో చీటీ చదివి నవ్వాడు. మనం ఇళ్లలో, బజార్లో పైసా ఖర్చు లేకుండా నేర్చుకున్న రెండో భాషను రెజ్యూమెలో చివరి గీతలో పెట్టకండి. తెలుగు, ఒడియా, హిందీ అని పైనే రాయండి.

ఇప్పటిదాకా ఖర్చు: 46,600.

దశ 7: జీతం లెక్క

ఆఫర్ ఏడాదికి 2.6 లక్షలు. వినడానికి బాగుంది. పీఎఫ్ రెండు వాటాలూ అందులోనే, వృత్తి పన్ను పోగా చేతికి వచ్చేది సుమారు 17,900. గది వాటా 3,500, మెస్ 4,500, బస్సు 1,000. మిగిలేది 8,900. ఇంటి దగ్గర 13 వేల జీతంలో నా ఖర్చు 3,500 పోగా 9,500 మిగిలేది. అంటే మొదటి ఏడాది నెలకు 600 తక్కువే. దీని మీద ఇంట్లో రెండు రోజులు వాదన నడిచింది. నాన్నకు నేను చూపించింది పీఎఫ్ ఖాతా, ఏడాది తర్వాత ఎల్1 నుంచి మారగలిగే ఎల్2 (పై మెట్టు) ఉద్యోగాల ప్రకటనల్లో ఉన్న జీతాలు. మా ఓనరు గారు, "ఒరే, పాసైతే పోతావని నాకు ముందే తెలుసురా" అని, ఆ నెల జీతం పూర్తిగా చేతిలో పెట్టారు.

రాత్రి షిఫ్టు అలవెన్సు వేరే ఉంటుందన్నారు. ఎంతో కాగితం మీద లేదు, అందుకే లెక్కలో కలపలేదు. మీరు కూడా నోటిమాట అంకెలు కలపకండి.

ఒక స్విచ్ గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న అబ్బాయికి 1,800కు అమ్మాను. వీల్యాన్ డాట్ డ్యాట్ చెరిపే ఇచ్చాను. రెండోది, చీటీల డబ్బా, కన్సోల్ కేబుల్ మా జూనియర్ దగ్గర ఉన్నాయి. వాడిప్పుడు సబ్‌నెట్టింగ్ దగ్గర ఉన్నాడు, ఒక లెక్కకు నిమిషం పైనే పడుతోంది.

తర్వాత చేయాలనుకుంటున్నది రెడ్ హ్యాట్ కంపెనీ లైనక్స్ సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ. అందులో మొత్తం చేతితో చేసి చూపించడమే. మూడు గంటలు, 300కి 210 రావాలి. ఎఫ్‌ఆర్‌ఆర్ తంటాల వల్ల లైనక్స్ కొంత అలవాటైంది. మొదటి మూడు జీతాలు అయ్యాక ఫీజు సంగతి చూస్తాను. అప్పటిదాకా షిఫ్టులో వచ్చిన ప్రతి టికెట్‌నూ కంపెనీ పేరు, అడ్రస్‌లు లేకుండా అదే నాలుగు గీతల పద్ధతిలో కొత్త నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తున్నాను.

మొత్తం ఖర్చు, అమ్మింది పోగా: 44,800.